వీ కన్సోల్‌లో రోల్ ప్లేయింగ్ గేమ్‌లు ఆడటం ఎలా?

నింటెండో సంస్థ 2006 నవంబరులో అమెరికాలోను, డిసెంబరులో జపాన్‌లోను విడుదల చేసిన వీ (Wii) అనే, టీవీకి తగిలించి ఆడే కన్సోల్ పేరు వినగానే చాలామందికి చేతిలో రిమోట్ ఊపుతూ టెన్నిస్, బౌలింగ్ ఆడటమే గుర్తుకొస్తుంది. పది కోట్లకు పైగా అమ్ముడైన ఆ కన్సోల్ మీదే, ఆ తరంలో వచ్చిన వాటిలో మేటివని చెప్పదగిన రోల్ ప్లేయింగ్ గేమ్‌లు, అంటే ఒక పాత్రను నడుపుతూ, దాని బలం పెంచుకుంటూ పెద్ద కథను సాగించే గేమ్‌లు కూడా కొన్ని ఉన్నాయి. అయితే ఈ తరహా గేమ్ అరగంటలో ముగిసేది కాదు. ఒక్కొక్కటి పాతిక గంటల నుంచి వంద గంటల దాకా సాగుతుంది కాబట్టి, నలుగురు కలిసి కాసేపు బౌలింగ్ ఆడటానికి సరిపోయే ఏర్పాటు దీనికి చాలదు. రిమోట్ సూచిక తెర మీద వణుకుతున్నా, రెండో గంటకే మణికట్టు లాగుతున్నా ఎంత గొప్ప కథ అయినా మధ్యలోనే ఆగిపోతుంది. అందుచేత ముందుగా పరికరాలన్నీ చేతికి, కంటికి హాయిగా ఉండేలా అమర్చుకుని, ఆపైన ఏ గేమ్ మీ చేతితో ఏ పని చేయిస్తుందో చూసి ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది.

1. ప్లగ్ పెట్టే ముందు అడాప్టర్ మీది అక్షరాలు చదవండి

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన కన్సోల్ అయినా, సెకండ్ హ్యాండ్‌లో కొన్నదైనా ముందుగా చూడవలసింది పవర్ అడాప్టర్‌నే. అమెరికాలో అమ్మిన వీ అడాప్టర్ 120 వోల్టులకు, జపాన్‌లో అమ్మినది 100 వోల్టులకు తయారైనవి. వాటిని మన 230 వోల్టుల లైనుకు నేరుగా కలిపితే కాలిపోతాయి. ప్లగ్ పిన్నుల ఆకారాన్ని మార్చే చిన్న కన్వర్టర్ ముక్క వోల్టేజీని ఏమాత్రం తగ్గించదన్న సంగతి మరచిపోవద్దు. దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, 230 వోల్టులకు చేసిన యూరప్ అడాప్టర్ సంపాదించడం. అవుట్‌పుట్ అన్నింటిలోనూ 12 వోల్టులు, 3.7 ఆంపియర్లే కాబట్టి అది ఏ ప్రాంతపు వీ కన్సోల్‌కైనా సరిపోతుంది. రెండోది, 100 వాట్ల స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడటం. నేనైతే మొదటి దారినే సూచిస్తాను, ఎందుకంటే గంటల తరబడి పక్కన వేడెక్కుతూ ఉండే పెట్టె ఒకటి తగ్గుతుంది.

తరువాత ప్రాంతం సంగతి. వీ కన్సోల్ తన ప్రాంతానికి చెందిన డిస్కులను మాత్రమే నడుపుతుంది. మెయిన్ మెనూలో ఎడమవైపు కింద ఉన్న గుండ్రటి వీ బటన్ నొక్కి వీ సెట్టింగ్స్‌లోకి వెళ్తే, పైన కుడి మూలన 4.3యూ, 4.3ఈ, 4.3జే వంటి గుర్తు కనిపిస్తుంది. యూ అంటే ఉత్తర అమెరికా, ఈ అంటే యూరప్, జే అంటే జపాన్. డిస్క్ కొనేటప్పుడు ఈ ఒక్క అక్షరాన్ని గుర్తు పెట్టుకుంటే చాలు. నింటెండో వారి వీ షాప్ ఆన్‌లైన్ దుకాణం 2019 జనవరి 30న మూతపడింది కాబట్టి, ఇప్పుడు గేమ్ కొత్తగా సంపాదించాలంటే డిస్కే ఆధారం.

కన్సోల్ కొనేటప్పుడే చూసుకోవలసిన మరో విషయం ఉంది. మొదటి మోడల్ వీ కన్సోల్‌కు పై అంచున మూత కింద, నింటెండో వారి అంతకు ముందరి కన్సోల్ అయిన గేమ్‌క్యూబ్ కంట్రోలర్లకు, మెమరీ కార్డులకు సాకెట్లు ఉంటాయి. 2011 చివర్లో వచ్చిన మోడల్‌లోను, ఆపైన వచ్చిన వీ మినీలోను వాటిని తీసేశారు. వీ మినీకి ఎస్‌డీ కార్డు స్లాట్ కూడా లేదు. దీర్ఘకాలం ఆడి, సేవ్‌లు భద్రపరచుకోదలచిన వారు మొదటి మోడల్‌నే ఎంచుకోవడం మంచిది.

2. టీవీలో అక్షరాలు చదవగలిగేలా చేసుకోండి

రోల్ ప్లేయింగ్ గేమ్‌లో సగం పని చదవడమే. ఆయుధాల వివరాలు, పాత్రల సంభాషణలు, అప్పగించిన పనుల జాబితాలు అన్నీ చిన్న అక్షరాల్లోనే ఉంటాయి. వీతో వచ్చే ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల మామూలు కేబుల్‌తో పెద్ద తెర మీద ఆ అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. ఐదు పిన్నుల కాంపొనెంట్ కేబుల్ దొరికితే దాన్ని వాడి, వీ సెట్టింగ్స్‌లో టీవీ రిజల్యూషన్‌ను 480పికి మార్చండి. ఈ కన్సోల్ ఇవ్వగల గరిష్ఠ స్పష్టత అదే. కొత్త టీవీల్లో ఆ సాకెట్లు లేకపోతే వీ వెనుక తగిలించే హెచ్‌డీఎంఐ అడాప్టర్ తీసుకోవచ్చు. టీవీలో గేమ్ మోడ్ ఉంటే తప్పక ఆన్ చేయండి. బొమ్మకు మెరుగులు దిద్దే పనిలో టీవీ చేసే ఆలస్యం వల్ల మీరు కత్తి తిప్పిన తరువాత కాసేపటికి తెర మీది కత్తి కదులుతుంటే పోరాటం పోరాటంలా ఉండదు.

3. సెన్సార్ బార్: శ్రద్ధంతా ఇక్కడే పెట్టండి

టీవీ దగ్గర పెట్టే సన్నటి పట్టీకి సెన్సార్ బార్ అన్న పేరున్నా అది దేనినీ పసిగట్టదు. దాని రెండు చివర్లలో పరారుణ కాంతిని వెదజల్లే ఎల్‌ఈడీలు ఉంటాయి, అంతే. చూసే కన్ను రిమోట్ ముందుభాగంలో, నల్లటి అద్దం వెనుక ఉన్న చిన్న కెమెరా. ఆ కెమెరాకు రెండు కాంతి చుక్కలు కనిపిస్తాయి. వాటి స్థానాన్ని, వాటి మధ్య దూరాన్ని, వంపును బట్టి రిమోట్ ఎటు చూపుతోందో లెక్క తేలుతుంది. ఆ సమాచారం బ్లూటూత్ ద్వారా కన్సోల్‌కు చేరుతుంది. ఈ పనితీరు అర్థమైతే సూచిక వణకడానికి, మాయమవడానికి కారణాలు మీరే కనిపెట్టగలుగుతారు.

బార్‌ను టీవీకి సరిగ్గా మధ్యలో, పైన గానీ కింద గానీ పెట్టండి. కింద పెడితే బల్ల ముందు అంచుకు చేరేలా ఉంచాలి, లేకపోతే బల్ల చెక్కే కాంతికి అడ్డం పడుతుంది. వీ సెట్టింగ్స్‌లో సెన్సార్ బార్ అన్న చోట దాన్ని పైన పెట్టారో కింద పెట్టారో చెప్పండి. మీరు కూర్చునే చోటు తెరకు ఒకటి నుంచి రెండున్నర మీటర్ల దూరంలో, బార్‌కు ఎదురుగా ఉండాలి. సోఫా గది మూలన ఉంటే దాన్ని కాస్త జరపండి. పక్క నుంచి వంద గంటలు ఆడటం మెడకు మంచిది కాదు.

ఇప్పుడు అదే పేజీలో సెన్సిటివిటీ అన్న చోటికి వెళ్లండి. తెర మీద నల్లటి చట్రంలో రిమోట్ కెమెరా చూస్తున్న చుక్కలు యథాతథంగా కనిపిస్తాయి. మీరు కూర్చునే చోటే కూర్చుని, చేయి ఒడిలో ఆనించి, రిమోట్‌ను తెర వైపు చూపండి. రెండే చుక్కలు కనిపిస్తే మీ గది సరిగ్గా ఉన్నట్టు. మూడో చుక్క గానీ, మసకగా పాకే మచ్చ గానీ కనిపిస్తే దాని మూలం వెతకాలి. టీవీ చుట్టూ ఉండే షోకేసు అద్దాలు, నున్నటి గ్రానైట్ పలక, పక్కన ఉన్న స్టీలు సామాను సెన్సార్ బార్ కాంతినే తిప్పికొట్టి లేని చుక్కలను పుట్టిస్తాయి. ఒక గుడ్డ కప్పి చూస్తే దోషం ఎక్కడుందో వెంటనే తేలిపోతుంది.

మన ఇళ్లలో మరొకటి ఉంది. హాల్లోనే టీవీ పక్కన దేవుడి మందిరం ఉంటే, సాయంత్రం వెలిగించిన దీపం రిమోట్ కెమెరాకు మరో సెన్సార్ బార్ చివరలా కనిపిస్తుంది, ఎందుకంటే నూనె దీపపు మంట నుంచి పరారుణ కాంతి ధారాళంగా వస్తుంది. సెన్సార్ బార్ పాడైనప్పుడు రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడవచ్చని వీ ఆటగాళ్లు చెప్పుకోవడానికి కారణం కూడా ఇదే. దీపం ఆర్పవలసిన అవసరం లేదు. టీవీనీ సోఫానీ దీపం రిమోట్ చూపులో పడకుండా అమర్చుకుంటే సరిపోతుంది. టీవీ వెనుక కిటికీలోంచి పడే ఎండ, పాతకాలపు ఫిలమెంట్ బల్బు కూడా ఇదే ఇబ్బంది తెస్తాయి. ఎల్‌ఈడీ బల్బులతో సాధారణంగా ఈ చిక్కు ఉండదు.

ఒక్క చుక్కే కనిపించినా, అసలేమీ కనిపించకపోయినా బార్ వెలుగుతోందో లేదో ఫోన్ కెమెరాతో పరీక్షించండి. కంటికి కనిపించని ఆ కాంతి, చాలా ఫోన్లలో ముఖ్యంగా ముందు కెమెరాలో, లేత ఊదారంగు చుక్కల్లా కనిపిస్తుంది. ఒకవైపు వెలగకపోతే వైరు తెగిందన్నమాట, బార్ మార్చవలసిందే. చుక్కలు రెండూ నిలకడగా ఉన్నాక, ప్లస్, మైనస్ బటన్లతో సెన్సిటివిటీని అవి స్పష్టంగా కనిపించే కనీస స్థాయిలో ఉంచండి. ఎక్కువ పెడితే అక్కర్లేని వెలుగులు కూడా లెక్కలోకి వస్తాయి.

4. రిమోట్, నన్‌చక్, క్లాసిక్ కంట్రోలర్

కొత్త రిమోట్‌ను కలపడానికి కన్సోల్ ముందు ఎస్‌డీ కార్డు మూత లోపల ఉన్న ఎర్రటి సింక్ బటన్‌ను, రిమోట్ బ్యాటరీ మూత కింద ఉన్న సింక్ బటన్‌ను ఒకదాని తరువాత ఒకటి నొక్కాలి. రిమోట్ మీది నీలి దీపాలు మినుకుమినుకుమని చివరకు ఒకటి నిలబడితే కలిసినట్టు. రిమోట్‌కు రెండు ఏఏ సెల్స్ కావాలి. పెద్ద గేమ్ మొదలుపెట్టేవారు నాలుగు నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్స్ కొని, రెండు వాడుతూ రెండు ఛార్జింగ్‌లో పెట్టుకోవడం తెలివైన పని. వాటి వోల్టేజీ మామూలు సెల్స్ కంటే కాస్త తక్కువ కాబట్టి తెర మీది బ్యాటరీ గుర్తు నిండుగా చూపకపోవచ్చు, దానికి కంగారు పడనవసరం లేదు.

రిమోట్‌కు వైరుతో తగిలించి రెండో చేతిలో పట్టుకునే నన్‌చక్ ప్లగ్‌కు ఉన్న చిన్న కొక్కెంలో రిమోట్ తాడును దూర్చి కట్టండి; ఊపినప్పుడు ప్లగ్ ఊడిపోకుండా అది కాపాడుతుంది. మణికట్టు తాడు, రబ్బరు తొడుగు లేకుండా కత్తి తిప్పే గేమ్ ఆడవద్దు. చెమట పట్టిన చేతిలోంచి జారిన రిమోట్ నేరుగా టీవీనే వెతుక్కుంటూ వెళ్తుంది.

2009లో వచ్చిన మోషన్‌ప్లస్ అనే చిన్న జోడింపు రిమోట్‌కు గైరోస్కోప్ శక్తిని, అంటే ఎటు ఎంత తిరిగిందో కొలిచే శక్తిని ఇచ్చింది. 2010లో వచ్చిన రిమోట్ ప్లస్‌లో అది లోపలే ఉంటుంది. పాత రిమోట్‌లో ఉన్నది వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్ మాత్రమే. మీరు చేయి ఊపారని దానికి తెలుస్తుంది గానీ ఏ కోణంలో ఊపారో కచ్చితంగా తెలియదు. ఈ తేడా గేమ్ ఎంచుకునేటప్పుడు అక్కరకొస్తుంది.

ఇక క్లాసిక్ కంట్రోలర్. రిమోట్‌కు తగిలించుకునే, బొటనవేళ్లతో కదిపే రెండు చిన్న కర్రలున్న మామూలు కంట్రోలర్ ఇది. రోల్ ప్లేయింగ్ గేమ్‌ల కోసమే వీ కొంటున్నారంటే, దీన్ని కూడా కొని తీరాలని నేను చెబుతాను.

5. గేమ్ మీ చేతిని ఏం చేయమంటుంది?

కథ ఏమిటి, బొమ్మలు ఎలా ఉన్నాయన్నవి అందరూ చూసేవే. వీలో మాత్రం వాటికి ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి: ఈ గేమ్ చేయి ఊపమంటుందా, తెర మీద గురిపెట్టమంటుందా, లేక బటన్లతోనే సరిపెడుతుందా?

చేయి ఊపే వర్గానికి మంచి ఉదాహరణ డ్రాగన్ క్వెస్ట్ స్వోర్డ్స్. 2007లో జపాన్‌లో వచ్చిన ఈ గేమ్‌లో మీరు కథానాయకుడి కళ్లతో చూస్తారు, దారి దాదాపు నిర్ణయమై ఉంటుంది, ఎదురొచ్చిన రాక్షసులను రిమోట్‌తో నరకాలి. నన్‌చక్ అవసరం లేదు. బి బటన్ నొక్కి పట్టుకుంటే డాలు లేస్తుంది. పిల్లలతో కలిసి మొదలుపెట్టడానికి బాగుంటుంది గానీ, లోతైన కథ ఆశించేవారికి ఇది చాలదు. 2011 నాటి స్కైవర్డ్ స్వోర్డ్ ఈ వర్గంలో శిఖరం లాంటిది. కచ్చితంగా చెప్పాలంటే అది సాహస గేమ్, రోల్ ప్లేయింగ్ గేమ్ కాదు. అయినా కత్తి కోణమే పోరాట వ్యూహంగా మారిన ఆ అనుభవం కోసం ఈ వర్గం అభిమానులు దాన్ని తప్పక చూడాలి. దానికి మోషన్‌ప్లస్ లేనిదే పని జరగదు.

గురిపెట్టే వర్గంలో ఫ్రజైల్ డ్రీమ్స్ ఉంది. మనుషులు దాదాపు మాయమైన ప్రపంచంలో ఒంటరిగా తిరిగే పిల్లవాడి చేతిలోని టార్చిలైటే మీ రిమోట్. మీరు చూపిన వైపే వెలుగు పడుతుంది, రిమోట్‌లోని బుల్లి స్పీకర్‌లోంచి శబ్దాలు వినిపిస్తాయి. పైన చెప్పిన సెన్సార్ బార్ అమరిక సరిగ్గా లేకపోతే ఈ గేమ్ ఆడటం నరకమే, ఉంటే మాత్రం మరే కన్సోల్ ఇవ్వని అనుభూతి.

బటన్లతో ఆడేవి మూడో వర్గం. జెనోబ్లేడ్ క్రానికల్స్, ద లాస్ట్ స్టోరీ, ఫైర్ ఎంబ్లమ్ రేడియంట్ డాన్ ఇందులోకి వస్తాయి. మొదటి రెంటినీ రిమోట్, నన్‌చక్ జంటతోనైనా, క్లాసిక్ కంట్రోలర్‌తోనైనా ఆడవచ్చు. మూడోదాన్ని రిమోట్ ఒక్కదాన్నే అడ్డంగా పట్టుకుని కూడా ఆడవచ్చు. కదలికల కన్సోల్‌లో అత్యుత్తమమైన రోల్ ప్లేయింగ్ గేమ్‌లు కదలికలను దాదాపు వాడుకోనివే కావడం మొదట వింతగా అనిపించినా, వంద గంటల ప్రయాణానికి అదే తగినదని ఆడుతున్నకొద్దీ అర్థమవుతుంది.

6. చేయి ఎలా కదపాలి

మోషన్‌ప్లస్ లేని గేమ్‌లలో భుజం నుంచి చేయి విసరడం వల్ల ఒరిగేదేమీ లేదు. యాక్సిలరోమీటర్‌కు కావలసింది వేగంలో ఠక్కున వచ్చే మార్పు. ముంజేతిని సోఫా చేయి మీద ఆనించి మణికట్టును చిన్నగా, చురుగ్గా విదిలిస్తే దెబ్బ పడుతుంది.

స్కైవర్డ్ స్వోర్డ్ వంటి వాటిలో పద్ధతి వేరు. అక్కడ శత్రువు తన ఆయుధాన్ని ఒకవైపు అడ్డం పెడతాడు, మీరు ఖాళీగా ఉన్న దిక్కు నుంచి కొట్టాలి. నోరు అడ్డంగా తెరిచిన మొక్కను అడ్డంగా, నిలువుగా తెరిచినదాన్ని నిలువుగా నరకాలి. కొత్తవారు తడబడేది ఇక్కడే: ఎడమ నుంచి కొట్టాలని చేతిని గబుక్కున ఎడమకు తీసుకెళ్తారు, ఆ తీసుకెళ్లడమే ఒక వేటుగా నమోదై శత్రువు కత్తికి తగులుతుంది. కాబట్టి చేతిని కావలసిన వైపుకు నెమ్మదిగా తీసుకెళ్లి, క్షణం ఆగి, అప్పుడు వేగంగా నరకండి. సూచిక పక్కకు జరిగిపోయినట్టు అనిపిస్తే రిమోట్‌ను తెర మధ్యకు చూపి డీ ప్యాడ్ (రిమోట్ మీది ప్లస్ ఆకారపు బటన్) కింది వైపు నొక్కితే మళ్లీ మధ్యకు వస్తుంది. కత్తిని ఆకాశం వైపు ఎత్తి శక్తి నింపే సన్నివేశాల్లో లేచి నిలబడి చేయి పైకి చాచవలసిన పని లేదు. ముఖ్యంగా తక్కువ ఎత్తులో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతున్న గదిలో అసలు వద్దు. కూర్చున్న చోటే రిమోట్ కొనను పైకి తిప్పి ఉంచినా సరిపోతుంది.

7. జెనోబ్లేడ్‌తో మొదలుపెట్టండి

ఒకే ఒక్క గేమ్ ఆడే వీలుందంటే అది జెనోబ్లేడ్ క్రానికల్స్ కావాలి. తెత్సుయా తకహాషి ఆధ్వర్యంలో మోనోలిత్ సాఫ్ట్ తయారుచేసిన ఈ గేమ్ 2010 జూన్‌లో జపాన్‌లో, 2011లో యూరప్‌లో వచ్చింది. అమెరికాలో దీన్ని విడుదల చేయాలని కోరుతూ ఆపరేషన్ రెయిన్‌ఫాల్ పేరిట అభిమానులు ఉద్యమమే నడిపారు. చివరకు 2012 ఏప్రిల్‌లో అక్కడా వచ్చింది. గడ్డకట్టి నిలిచిపోయిన ఇద్దరు మహాకాయుల శరీరాల మీదే జీవజాలమంతా బతుకుతున్న లోకం ఇది. మీరు నడిచే మైదానం ఒక కాలు, ఎక్కే కొండ ఒక మోకాలు. ఇంగ్లిష్ గాత్రాలు బ్రిటిష్ యాసలో ఉంటాయి కాబట్టి సబ్‌టైటిళ్లు ఉంచుకోండి. కావాలంటే జపనీస్ గాత్రాలకు కూడా మారవచ్చు.

క్లాసిక్ కంట్రోలర్ తగిలించి ఆడండి. ఇంత విశాలమైన ప్రపంచంలో కుడి కర్రతో చుట్టూ చూడగలగడం పెద్ద సౌకర్యం.

పోరాటంలో మీ పాత్ర అయిన షుల్క్ మామూలు దెబ్బలు తనంతట తానే కొడతాడు. మీ పని, తెర కింద వరుసగా కనిపించే ఆర్ట్స్ అనే ప్రత్యేక దాడులను సమయం, చోటు చూసి వాడటం. అన్నింటికంటే ముందు నేర్చుకోవలసింది చోటు. బ్యాక్ స్లాష్‌ను శత్రువు వెనుక నుంచి వాడితే రెట్టింపు దెబ్బ పడుతుంది. ముందు నుంచి వాడితే ఆ లాభం పోతుంది. స్లిట్ ఎడ్జ్‌ను పక్క నుంచి వాడితే శత్రువు రక్షణ తగ్గుతుంది. కాబట్టి మిత్రుడు రేన్ శత్రువు దృష్టిని తన వైపు తిప్పుకునే దాకా ఆగి, పక్కకు జరిగి స్లిట్ ఎడ్జ్, అక్కడి నుంచి వెనక్కి చేరి బ్యాక్ స్లాష్ వేయడాన్ని మొదటి ఊరైన కాలనీ 9 చుట్టూ ఉన్న చిన్న జంతువుల మీద అలవాటు చేసుకోండి.

తరువాతి పాఠం బ్రేక్, టాపుల్. షుల్క్ స్ట్రీమ్ ఎడ్జ్‌తో శత్రువు నిలకడ తప్పేలా చేస్తే (బ్రేక్), రేన్ వైల్డ్ డౌన్‌తో అతన్ని కింద పడేస్తాడు (టాపుల్). పడి ఉన్నంతసేపు అతను ఎదురు కొట్టలేడు. మెకాన్ అనే యంత్ర శత్రువులకు మామూలు ఆయుధాలు దాదాపు తగలవు. మొనాడో కత్తి శక్తి అయిన ఎన్‌చాంట్‌ను జట్టుకు పట్టించినప్పుడు, లేదా వాటిని కింద పడేసినప్పుడు మాత్రమే దెబ్బ పనిచేస్తుంది. మొదటి గంటల్లో ఓడిపోయేవారిలో చాలామంది ఈ ఒక్క సంగతి పట్టించుకోని వారే.

తెర పైన ఎడమవైపు మూడు భాగాలుగా ఉన్న పార్టీ గేజ్‌ను ఎప్పుడూ ఓ కంట కనిపెట్టండి. మూడు భాగాలూ నిండితే వరుస దాడి అయిన చైన్ అటాక్ చేయవచ్చు. కానీ పడిపోయిన మిత్రుణ్ణి లేపడానికి, భవిష్యత్తులో పడబోయే దెబ్బ గురించి ముందే హెచ్చరించడానికి కూడా అందులోంచే ఒక్కో భాగం ఖర్చవుతుంది. గేజ్ పూర్తిగా ఖాళీ అయిన వేళ షుల్క్ పడిపోతే ఓటమే. అందువల్ల బలమైన శత్రువు ఇంకా సగం ప్రాణంతో ఉండగానే చైన్ అటాక్‌కు తొందరపడి గేజంతా ఖాళీ చేయవద్దు.

టెఫ్రా కేవ్ దాటి గౌర్ ప్లెయిన్ మైదానంలో అడుగుపెట్టగానే మీ లెవెల్ (పాత్ర బలాన్ని చెప్పే అంకె) పదుల్లో ఉండగా 81వ లెవెల్ ఉన్న భారీ వానరం ఒకటి తిరుగుతూ కనిపిస్తుంది. అది తప్పిదం కాదు. బలవంతుల్ని చూసి తప్పుకుని వెళ్లడం నేర్పడానికి ఆ మృగాన్ని అక్కడ ఉంచారనే నేను భావిస్తాను. శత్రువు పేరు పక్కన కన్ను గుర్తుంటే అది చూసి పసిగడుతుంది, చెవి గుర్తుంటే విని పసిగడుతుంది. మీకంటే నాలుగైదు లెవెళ్లకు పైబడి ఉన్నదానితో తలపడితే మీ దెబ్బలు తగలకుండానే పోతాయి. అయితే ఓడిపోయినా నష్టం పెద్దగా లేదు, చివరగా చేరుకున్న గుర్తు స్థలం దగ్గరికి తిరిగి వస్తారు, సంపాదించిన అనుభవం పోదు. కనుక కొండ అంచులు, జలపాతాల వెనుక దారులు ధైర్యంగా వెతకండి. కొత్త చోటు కనిపెట్టినందుకు కూడా ఈ గేమ్ అనుభవ పాయింట్లు ఇస్తుంది.

ఊరి జనం అప్పగించే చిన్న పనులు వందల్లో ఉంటాయి. అన్నీ చేయాలని పట్టుబడితే కథ నిలిచిపోతుంది. గడియారం గుర్తున్న పనులు కథ ముందుకు సాగాక దొరకవు కాబట్టి వాటికే ముందు చోటివ్వండి. రాక్షసులను చంపమనే పనుల్లో చాలావరకు తిరిగి వచ్చి చెప్పకుండానే పూర్తవుతాయి. ఊరు వదిలేటప్పుడు కనిపించినవన్నీ ఒప్పుకుని వెళ్లిపోతే దారిలోనే కొన్ని తీరిపోతాయి.

8. సేవ్, కరెంటు, డిస్క్

జెనోబ్లేడ్‌లో పోరాటం లేని సమయంలో దాదాపు ఎక్కడైనా సేవ్ చేయవచ్చు. ఈ సౌకర్యాన్ని పూర్తిగా వాడుకుంటూ, రెండు వేర్వేరు స్లాట్లలో మార్చి మార్చి సేవ్ చేయండి. సేవ్ జరుగుతుండగా కరెంటు పోతే ఆ సేవ్ పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి, కోతలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో కన్సోల్‌ను ఇన్వర్టర్ లైను మీద ఉంచడం మేలు. వీ లోపలి నిల్వ 512 మెగాబైట్లే. నెలకోసారైనా వీ సెట్టింగ్స్‌లోని డేటా మేనేజ్‌మెంట్ ద్వారా సేవ్‌ను ఎస్‌డీ కార్డులోకి కాపీ చేసి ఉంచుకోండి. కొన్ని గేమ్‌లు ఈ కాపీని అనుమతించవు. మీ గేమ్ అనుమతిస్తుందో లేదో మొదటి రోజే చూసుకోండి.

డిస్క్‌ను మెత్తటి పొడి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా కాదు. పెద్ద గేమ్‌లు కొన్ని రెండు పొరల డిస్కుల మీద వస్తాయి, లెన్స్ మీద దుమ్ము చేరిన కన్సోల్ మిగతా డిస్కులను నడిపి వీటి దగ్గరే మొరాయిస్తుంది. అలాంటప్పుడు డిస్క్‌ను తప్పుపట్టే ముందు లెన్స్ శుభ్రం చేయించండి.

రాత్రివేళ ఆడేటప్పుడు హోమ్ బటన్ నొక్కి రిమోట్ సెట్టింగ్స్‌లో స్పీకర్ శబ్దం తగ్గించవచ్చు, వణుకును ఆపేయవచ్చు. వణుకు ఆపితే సెల్స్ కూడా ఎక్కువ రోజులు వస్తాయి.

9. ఆ తరువాత ఏది?

జెనోబ్లేడ్ కథ ఒక్కటే ముగించడానికి కూడా అరవై గంటలకు పైనే పడుతుంది, తరువాత కొంత చిన్నదాన్ని చేపట్టడం మంచిది. ఫైనల్ ఫ్యాంటసీ సృష్టికర్త హిరొనోబు సకగుచి దర్శకత్వంలో మిస్ట్‌వాకర్ చేసిన ద లాస్ట్ స్టోరీ పాతిక, ముప్ఫై గంటల్లో ముగుస్తుంది. కథంతా ఒకే నగరం చుట్టూ తిరుగుతుంది. శత్రువు వైపు కర్ర నెట్టగానే కత్తి పడుతుంది. అలా కాకుండా ప్రతి వేటుకూ బటన్ నొక్కాలనుకుంటే సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు.

వ్యూహం ఇష్టపడేవారు 2007లో వచ్చిన రేడియంట్ డాన్‌కు వెళ్లండి. ఇది గేమ్‌క్యూబ్‌లో 2005లో వచ్చిన పాత్ ఆఫ్ రేడియన్స్‌కు కొనసాగింపు. మొదటి మోడల్ వీ ఉన్నవారు ఆ పాత గేమ్ ముగించిన సేవ్‌ను మెమరీ కార్డు నుంచి ఇందులోకి తెచ్చుకుని, తమ పాత్రలకు కొంత అదనపు బలం సంపాదించవచ్చు. ఇందులో ఒకసారి చనిపోయిన సైనికుడు తిరిగి రాడు. పైగా జపాన్‌లో హార్డ్ అని పిలిచిన స్థాయికే అమెరికా విడుదలలో నార్మల్ అని పేరు పెట్టారు కాబట్టి, ఎంత అనుభవం ఉన్నవారైనా మొదటిసారి ఈజీ ఎంచుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ఈజీ, నార్మల్ స్థాయుల్లో యుద్ధం మధ్యలో కూడా సేవ్ చేయవచ్చు. హార్డ్‌లో ఆ వీలు లేదు. ప్రతి ఐదారు వంతులకు ఒకసారి సేవ్ చేస్తూ, ముందు వరుసలో నిలబెట్టిన వారి ప్రాణం సగానికి తగ్గగానే వెనక్కి పిలిపించుకుంటూ ఆడితే జట్టంతా చివరి అధ్యాయం దాకా మీతోనే ఉంటుంది.